ఆరోగ్య బీమా – తెలిసి ఎన్నుకొనుట

బీమా అను మాట తెలుగునకు ఉర్దూ ద్వారా వచ్చినది. పారసీకమున "బీమ్" అనగా భయము. బీమా దానినుండియే పుట్టినదని పలువురి అభిప్రాయము. తెలుగువారు దానికి ప్రాస కలిపి "బీమా ఉంటే ధీమా" అందురు. ఒకవైపు భయము, వేరొకవైపు ధీమా. ఈ రెంటి నడుమ నున్నది పాలసీ అను పత్రము. దానిని చదివి తీసికొన్నవాని ధీమా నిలుచును. చదువక తీసికొన్నవాని ధీమా ఆసుపత్రి గుమ్మము వరకే. పాలసీని వెలను బట్టి గాక షరతులను బట్టి ఎన్నుకొనవలెనని, దానికి ముందు మన కుటుంబమునకు ఇదివరకే ఏ రక్షణ కలదో తెలిసికొనవలెనని తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ విషయము మన ప్రాంతమునకు దూరమైనది కాదు. 2017 జులై నుండి 2018 జూన్ వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము, కాన్పులను మినహాయించి, ఒక్కసారి ఆసుపత్రిలో చేరినందుకు వైద్యమునకైన సగటు ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటు ఆసుపత్రిలో 31,845 రూపాయలు. ఇది దేశమంతటి సగటు. గుండెకో, మూత్రపిండములకో వచ్చిన పెద్ద జబ్బునకు ఈ అంకె ఏ మూలకు చాలదు. ధర్మపురిలో రోగము ముదిరినవారిని మొదట జగిత్యాలకు, అక్కడినుండి కరీంనగరుకు, తప్పనిసరియైనచో హైదరాబాదుకు తీసికొనిపోవుదురు. దూరము పెరిగినకొలది ఖర్చును పెరుగును. ఎకరము పొలమో, ఇంటి ఇల్లాలి బంగారమో, గల్ఫ్ నుండి కుమారుడు పంపిన సొమ్మో ఆ దారిలో కరిగిపోవుట మనమెరుగని సంగతి కాదు.

మూలసూత్రము

ఊరిలో ఒకరి ఇల్లు కాలినచో ఇంటింటా చందా పోగుచేసి వారిని నిలబెట్టుట మన పల్లెలలో అనాదిగా ఉన్న ఆచారము. ఆ చందాను ఆపదకు ముందే, లెక్క ప్రకారము, వ్రాతపూర్వకముగా వసూలు చేయుటయే బీమా.

ఊహకొరకు ఒక లెక్క వేసి చూతము. వేయి కుటుంబములు ఏటికి తలా 6,000 రూపాయల చొప్పున ఒకచోట వేసినవనుకొందము. మొత్తము 60 లక్షలు. ఆ యేడు 40 కుటుంబములలో ఎవరో ఒకరు ఆసుపత్రి పాలై, ఒక్కొక్క కుటుంబమునకు 1,20,000 రూపాయలు ఖర్చయినదనుకొన్నచో చెల్లింపులు 48 లక్షలు. మిగిలిన 12 లక్షలనుండి జీతములు, ఏజెంట్ల కమీషను, నిలువనిధి, కంపెనీ లాభము పోవలెను. ఇట్లు జమ సాగును.

ఇప్పుడు జబ్బు బయటపడిన తరువాతనే జనులు చేరుదురనుకొందము. వేయిలో 400 కుటుంబములకు ఖర్చు వచ్చినచో 4 కోట్ల 80 లక్షలు కావలెను. అప్పుడు తలా 48,000 రూపాయలు కట్టినగాని లెక్క కుదరదు. అంత ధరకు ఆరోగ్యవంతుడెవ్వడును చేరడు, జమ కూలిపోవును.

పాలసీలో మనకు కఠినముగా తోచు నియమములలో అనేకము ఈ చిన్న లెక్కనుండియే పుట్టినవి. చేరిన వెంటనే కొన్ని జబ్బులకు డబ్బు ఈయక వేచియుండుమనుటకు కారణమిదే. ఉన్న రోగమును దాచరాదనుటకు కారణమిదే. "ఈ యేడు జబ్బు రాలేదు, కట్టిన డబ్బు వృథా" అనుకొనుట ఎందుకు పొరపాటో కూడ దీనివలన తెలియును. ఆ యేడు మన సొమ్ము వేరొకరి చికిత్సకు పోయినది. రేపు మనకు వచ్చునదియు అట్టి సొమ్మే.

కొంత చరిత్ర

ప్రభుత్వ చట్టముతో కూడిన ఆరోగ్య బీమాకు ఆద్యుడు జర్మనీలోని బిస్మార్క్. 1883లో అక్కడ కార్మికులకు రోగ బీమా చట్టము వచ్చినది. మన దేశమున 1948లో కార్మిక రాజ్య బీమా చట్టము పుట్టి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో అమలునకు వచ్చినది. సాధారణ పౌరుడు సొంతముగా కొనుక్కొనగల మెడిక్లెయిమ్ పాలసీని 1986లో ప్రభుత్వ రంగమునందలి నాలుగు సాధారణ బీమా కంపెనీలు ప్రవేశపెట్టినవి. 1999 నాటి చట్టముతో బీమా నియంత్రణ సంస్థ ఏర్పడి, 2000 నుండి ప్రైవేటు కంపెనీలకు ద్వారములు తెరువబడినవి. ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయము మన హైదరాబాదునందే ఉన్నది.

తెలుగునాట గొప్ప మార్పు 2007 ఏప్రిల్ 1న వచ్చినది. నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వము మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీని ఆరంభించి, 2008 నాటికి రాష్ట్రమంతట విస్తరించినది. పేద కుటుంబము తాను ప్రీమియం కట్టకయే పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్స పొందగలుగుట అదివరకు లేని సంగతి. 2018 సెప్టెంబరు 23న కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును తెచ్చినది. తెలంగాణ 2021లో దానిలో చేరినది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబమునకు ఏటికి 10 లక్షల రూపాయలకు పెంచబడినది.

ముందు మనకున్నదేమో చూడుదము

ప్రైవేటు పాలసీ కొనబోవువాడు ముందు తన ఇంటిని పరిశీలించుకొనవలెను. ఆహారభద్రతా కార్డున్న కుటుంబమునకు ఆరోగ్యశ్రీ కలదు. ఇంటిలో 70 ఏండ్లు నిండిన పెద్దలున్నచో, 2024 అక్టోబరు 29న ప్రారంభమైన ఏర్పాటు ప్రకారము, ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆయుష్మాన్ భారత్ క్రింద ఏటికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ పొందవచ్చును. ప్రైవేటు పాలసీ ఉన్నంతమాత్రమున ఈ హక్కు పోదు. కర్మాగారమునందో, దుకాణ సంస్థలోనో పనిచేయువారికి వేతన పరిమితిని బట్టి ఇ.ఎస్.ఐ. ఉండును. సింగరేణి కార్మికులకు, వారిపై ఆధారపడినవారికి ఆ సంస్థ ఆసుపత్రులు ఉన్నవి. కంపెనీ ఉద్యోగులకు సామూహిక పాలసీ ఉండవచ్చును; అయితే ఉద్యోగము విడిచిననాడు అదియు విడిచిపోవునని మరువరాదు.

గల్ఫ్ కుటుంబముల సంగతి వేరుగా చెప్పవలెను. వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశములకు పనికి పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2017లో సవరించిన ప్రకారము ప్రీమియం రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు, పన్ను అదనము. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను 10 లక్షల రూపాయలు. ప్రధానముగా ఇది ప్రమాద బీమా. సౌదీ అరేబియాలో యజమాని చేయించు ఆరోగ్య బీమా సాధారణముగా అక్కడి వైద్యమునకే చెల్లును. ఇక్కడ ధర్మపురిలోనున్న తల్లిదండ్రుల గుండెజబ్బునకు, భార్యకు జరుగవలసిన ఆపరేషనుకు ఈ రెండును అక్కరకు రావు. "మా వాడికి బీమా ఉన్నది" అన్న మాటతో ఇంటివారందరికి బీమా ఉన్నట్లు భ్రమపడుట మన ప్రాంతమున సులభము.

ఇట్లు ఉన్నదానిని తెలిసికొన్న పిమ్మట లేనిదేదో తేలును. ఆరోగ్యశ్రీ జాబితాలో చేర్చిన చికిత్సలకు, ఎంపికైన ఆసుపత్రులలోనే వర్తించును. కార్డు లేని చిన్న వ్యాపారికి, ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయునికి, గల్ఫ్ సొమ్ముతో కొంత ఎదిగి కార్డు పోగొట్టుకొన్న కుటుంబమునకు అదియు లేదు. పేదలకు ప్రభుత్వము, ధనవంతులకు సొంత ధనము ఉండగా, నడుమనున్న వీరికే ప్రైవేటు ఆరోగ్య బీమా అన్నిటికంటె అవసరము.

పాలసీలో చూడవలసినవి

మొదటిది బీమా మొత్తము. ఏడాదిలో కంపెనీ గరిష్ఠముగా చెల్లించు సొమ్మిది. ఒక్కొక్కరికి విడిగా తీసికొన్నచో వ్యక్తిగత పాలసీ. ఇంటిల్లిపాదికి కలిపి ఒకే మొత్తము పెట్టినచో ఫ్యామిలీ ఫ్లోటర్. ఫ్లోటర్ చౌక. కాని 5 లక్షల ఫ్లోటరులో తండ్రి గుండె ఆపరేషనుకు 4 లక్షలు పోయినచో, ఆ యేడు మిగిలినవారందరికి కలిపి లక్షయే మిగులును. ఫ్లోటరు ప్రీమియం సాధారణముగా ఇంటిలో పెద్దవయసువారిని బట్టి నిర్ణయింపబడును. కావున వృద్ధులైన తల్లిదండ్రులకు విడిగాను, భార్యాబిడ్డలకు ఫ్లోటరుగాను తీసికొనుట మేలని మా అభిప్రాయము. పెద్ద మొత్తము భారమనిపించినవారు చిన్న మూల పాలసీపై సూపర్ టాపప్ చేర్చుకొనవచ్చును. 3 లక్షల హద్దుతో సూపర్ టాపప్ తీసికొన్నవారికి ఏడాదిలో ఆసుపత్రి ఖర్చులు 3 లక్షలు దాటిన పిదప అది పనిచేయును. ఆ మూడు లక్షలను మూల పాలసీ భరించును.

రెండవది నిరీక్షణ కాలము, అనగా వెయిటింగ్ పీరియడ్. ప్రమాదములు తప్ప ఇతర జబ్బులకు సాధారణముగా మొదటి 30 దినములు చెల్లింపు ఉండదు. శుక్లము, హెర్నియా, మోకాలి మార్పిడి వంటి కొన్నిటికి మరికొన్ని నెలలు లేక ఏండ్లు ఆగవలెను. పాలసీకి ముందే ఉన్న మధుమేహము, రక్తపోటు వంటివానికి మరియొక కాలము కలదు. 2024 ఏప్రిల్ 1 నుండి అమలైన నిబంధనలతో ఈ చివరిదాని గరిష్ఠ పరిమితి 48 నెలలనుండి 36 నెలలకు తగ్గినది. కొన్ని కంపెనీలు ఇంకను తక్కువ పెట్టును. ఇంటిలో చక్కెర వ్యాధి ఉన్నవారికి వందల రూపాయల ప్రీమియం తేడాకంటె ఒక ఏడాది నిరీక్షణ తగ్గుట విలువైనది.

మూడవది గది అద్దె పరిమితి. దీనిని తెలియక నష్టపడువారు అనేకులు. ఒక ఉదాహరణము చెప్పుదుము. 3 లక్షల పాలసీలో గది అద్దె దినమునకు ఒక శాతము, అనగా 3,000 రూపాయలని ఉన్నది. రోగి 6,000 రూపాయల గదిలో నాలుగు దినములున్నాడు. గది 24,000, డాక్టరు ఫీజు, ఆపరేషను గది మొదలగునవి 80,000, మందులు, పరీక్షలు, అమర్చిన పరికరములు 46,000. మొత్తము 1,50,000 రూపాయలు. దినమునకు 3,000 చొప్పున 12,000 మాత్రమే మన చేతినుండి పోవునని మనమనుకొందుము. కాని అనుమతించిన గదికి రెట్టింపు ధర గది తీసికొన్నందున, దామాషా కోత అను షరతున్న పాలసీలో, గది సొమ్ముతో పాటు డాక్టరు, ఆపరేషను ఖర్చులును సగమగును. మందులకు, పరీక్షలకు, పరికరములకు ఈ కోత లేదు. కంపెనీ ఇచ్చునది 12,000, 40,000, 46,000 కలిపి 98,000. మనము కట్టవలసినది 52,000. గది అద్దె పరిమితి లేని పాలసీయైనచో ఈ చిక్కు లేదు. పరిమితి ఉన్నచో ఆసుపత్రిలో చేరునపుడే అంతలోపు గదిని అడిగి తీసికొనవలెను.

నాలుగవది కో-పేమెంట్, అనగా ప్రతి బిల్లులో మన వాటా. పది శాతమున్నచో లక్ష రూపాయల బిల్లులో పదివేలు మనవే. వృద్ధుల పాలసీలలో ఇది అంతకు మించియు ఉండవచ్చును. ఐదవది ఉపపరిమితులు. పాలసీ 5 లక్షలైనను ఫలానా చికిత్సకు ఇంతవరకే అని వ్రాసియుందురు. 2020 ఏప్రిల్ 1 నుండి కంపెనీలన్నియు ఒకే షరతులతో అమ్మవలెనని నియంత్రణ సంస్థ రూపొందించిన ఆరోగ్య సంజీవని పాలసీ ఈ మాటలను నేర్చుకొనుటకు మంచి పాఠము. దానిలో కో-పేమెంట్ 5 శాతము. గది అద్దె బీమా మొత్తములో 2 శాతము, దినమునకు 5,000 రూపాయలు మించరాదు. శుక్లమునకు ఒక్కొక్క కంటికి బీమా మొత్తములో 25 శాతము లేక 40,000 రూపాయలు, ఏది తక్కువైన అది. ఈ పాలసీని చదివి అర్థము చేసికొన్న విద్యార్థి మరి ఏ పాలసీనైనను చదువగలడు.

ఆరవది మినహాయింపులు. అందము కొరకు చేయించుకొను శస్త్రచికిత్స, కంటి అద్దములు, వినికిడి యంత్రములు, చాలవరకు పళ్ళ వైద్యము సాధారణ పాలసీలలో ఉండవు. ఆసుపత్రిలో చేరకుండ వాడు మందులు అనేక పాలసీలలో రావు. రోగితో పోయినవారి బస్సు చార్జీలు, భోజనములు, పోయిన కూలి ఎవ్వరును ఈయరు. వానికి కొంత సొమ్ము విడిగా దాచుకొనవలసినదే. యూనానీ, ఆయుర్వేద వైద్యమును నమ్మువారికి శుభవార్త యొకటి. ఆయుష్ పద్ధతుల చికిత్సను ఇతర చికిత్సలతో సమానముగా చూడవలెనని నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించినది. అయితే అర్హతగల ఆయుష్ ఆసుపత్రిలో చేరి పొందిన చికిత్సయై ఉండవలెను.

ఏడవది ఆసుపత్రుల జాబితా. కంపెనీతో ఒప్పందమున్న ఆసుపత్రిలో డబ్బు కట్టకయే చికిత్స పొందుటను క్యాష్‌లెస్ అందురు. లేనిచోట మనమే కట్టి, బిల్లులు పంపి, పిదప రాబట్టుకొనవలెను. ప్రకటనలో దేశమంతట వేలకొలది ఆసుపత్రులని ఉండును. ధర్మపురి వానికి కావలసినది జగిత్యాలలో ఎన్ని, కరీంనగరులో ఎన్ని, మంచిర్యాలలో ఎన్ని అను లెక్క. రాత్రివేళ గుండెనొప్పి వచ్చినవానికి బొంబాయి ఆసుపత్రుల జాబితా పనికిరాదు.

నిజము చెప్పుట

బీమా ఒప్పందమునకు పరమ విశ్వాసము పునాది అని న్యాయశాస్త్రము చెప్పును. తన దేహస్థితి తనకే తెలియును గనుక దరఖాస్తుదారుడు దానిని దాచక చెప్పవలెను. మధుమేహమును, మూత్రపిండముల వ్యాధిని దరఖాస్తులో తెలుపని ఒక మెడిక్లెయిమ్ కేసులో, కంపెనీ చెల్లింపును నిరాకరించుట సక్రమమేనని 2009లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. 2021 డిసెంబరులో మరియొక తీర్పు వచ్చినది. మధుమేహమున్నదని ముందే తెలిపి విదేశ ప్రయాణ పాలసీ తీసికొన్న వ్యక్తికి అమెరికాలో గుండెపోటు వచ్చినది. కంపెనీ చెల్లింపు నిరాకరించినది. ఉన్న స్థితిని తెలిసికొని పాలసీ ఇచ్చిన పిదప అదే స్థితిని సాకుగా చూపి నిరాకరించుట చెల్లదని న్యాయస్థానము పాలసీదారుని పక్షమున తీర్పు చెప్పినది. రెండు కేసులలోను మధుమేహమే. ఒకరు చెప్పలేదు, ఒకరు చెప్పిరి. తేడా అంతయు అందున్నది.

మన ప్రాంతమున దరఖాస్తు నింపునది తరచుగా ఏజెంటు. ఫారము ఆంగ్లమున ఉండును. సంతకము చేయు తండ్రికి ఉర్దూయో తెలుగో వచ్చును. "జబ్బులేవియు లేవని వ్రాసితిని, త్వరగా పాసగును" అని ఏజెంటు చెప్పుటయు, ఖాళీ ఫారముపై సంతకము చేయుటయు జరుగుచున్నవి. నష్టము వచ్చునాడు సంతకము చేసినవాడే బాధ్యుడు. ఈ విషయమున కళాశాల విద్యార్థి చేయగల మేలు గొప్పది. ఇంటిలో ఆంగ్లము చదువగల మొదటివాడు చాలచోట్ల అతడే, ఆమెయే. ప్రతి ప్రశ్నను తల్లిదండ్రులకు వారి భాషలో చదివి వినిపించి, వారు చెప్పిన జవాబునే వ్రాయించవలెను. ప్రతి పాలసీతో కంపెనీ ముఖ్య షరతుల సారాంశ పత్రమును ఈయవలెను; పాలసీదారుడు కోరినచో దానిని స్థానిక భాషలో ఈయవలెనని నియమమున్నది. అడుగుట మన హక్కు.

నిజము చెప్పి అయిదేండ్లు విడువక కట్టినవానికి చట్టము మరియొక అండ ఇచ్చినది. వరుసగా 60 నెలలు గడచిన పిదప, మోసము రుజువైన సందర్భము తప్ప, "నీవు ముందు చెప్పలేదు" అను కారణముతో క్లెయిమ్ తిరస్కరింపరాదు. 2024కు ముందు ఈ గడువు 96 నెలలుగా ఉండెను. కావున పాలసీని మధ్యలో విడుచుట మంచిది కాదు. వార్షిక ప్రీమియమునకు గడువు దాటిన తరువాత 30 దినముల అదనపు వ్యవధి ఉండును. అది దాటినచో నిరీక్షణ కాలములన్నియు మొదటికి వచ్చు ప్రమాదమున్నది. కంపెనీ నచ్చనిచో 2011 అక్టోబరు 1 నుండి వేరొక కంపెనీకి మారు సౌకర్యము కలదు. గడచిన నిరీక్షణ కాలము లెక్కకు వచ్చును. దానికి గడువు తీరుటకు నెలన్నర ముందే దరఖాస్తు చేయుట మేలు.

క్లెయిమ్ వేళ

ముందుగా నిర్ణయించుకొన్న ఆపరేషనైనచో చేరకమునుపే, అత్యవసరమైనచో చేరిన వెంటనే కంపెనీకి తెలుపవలెను. క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలోపల, ఇంటికి పంపునపుడు తుది అనుమతిపై మూడు గంటలలోపల నిర్ణయము తెలుపవలెనని 2024 మే 29 నాటి ఉత్తర్వు చెప్పుచున్నది. ఆలస్యమువలన ఆసుపత్రి అదనముగా వసూలు చేసినచో దానిని కంపెనీయే భరించవలెను. బిల్లులు, డిశ్చార్జి సారాంశము, మందుల చీటీలు, పరీక్షల నివేదికలు ఒక్కటియు పోనీయరాదు.

తిరస్కరించినచో నిరాశ పడనక్కరలేదు. కారణమును, పాలసీలోని ఏ షరతు ప్రకారమో ఆ షరతు సంఖ్యను వ్రాతపూర్వకముగా అడుగవలెను. మొదట కంపెనీ ఫిర్యాదు అధికారికి వ్రాయవలెను. 30 దినములలో జవాబు రాకున్నను, తృప్తి కలుగకున్నను, ఏడాదిలోపల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు. నియంత్రణ సంస్థ నడుపు బీమా భరోసా అను ఫిర్యాదు వ్యవస్థయు, వినియోగదారుల కమిషనును ఉన్నవి.

ధర్మదృష్టి

మన కళాశాలలోని ముస్లిం సోదరులలో బీమా శరీయత్ సమ్మతమా అను సందేహము కలదు. దానిని దాటవేయుట ఉచితము కాదు. ఒప్పందములో అనిశ్చితి, వడ్డీ ఉన్నవను కారణములతో వాణిజ్య బీమాను అనేక ధర్మశాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను నిషిద్ధమని, పరస్పర సహాయమును ఆధారము చేసికొన్న సహకార బీమాను అనుమతమని తీర్మానించినది. తకాఫుల్ అనబడు ఈ పద్ధతిని సూడాన్ 1979లోను, మలేషియా 1984లోను ఆచరణలో పెట్టినవి. మన బీమా చట్టములలో తకాఫుల్‌కు ప్రత్యేక విభాగము లేదు. అవసరమును బట్టి అనుమతి ఉన్నదా లేదా అను విషయమును ఎవరికివారు తాము విశ్వసించు ఉలమాను అడిగి తెలిసికొనవలెను. తీర్పు చెప్పుట మా పని కాదు. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ వంటివానిలో లబ్ధిదారుడు ప్రీమియం కట్టడు గనుక వాని సంగతి వేరని మాత్రము గమనింపవలెను. సందేహముతో ఏదియు తీసికొనక, ఉన్న ప్రభుత్వ హక్కునైనను వాడుకొనకుండుట రెండు విధముల నష్టము.

ఎన్నుకొను క్రమము

పైన చెప్పినదానిని ఒక వరుసలో పెట్టుదము. ముందు ప్రభుత్వ పథకములలో పేరున్నదో లేదో చూచుకొనవలెను. లోటెంతయో తేల్చుకొని, ఎవరెవరికి కావలెనో వ్రాసికొనవలెను. ఆరోగ్యముగా ఉన్నపుడే చేరవలెను. రెండు మూడు కంపెనీల సారాంశ పత్రములను ప్రక్కప్రక్కన పెట్టి నిరీక్షణ కాలము, గది అద్దె, కో-పేమెంట్, ఉపపరిమితులు, జగిత్యాల, కరీంనగరు ఆసుపత్రులు, ఈ అయిదింటిని పోల్చవలెను. ప్రీమియమును చిట్టచివర చూడవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై అదివరకున్న 18 శాతము జి.ఎస్.టి. తొలగినందున, పాత ధరల పట్టికలను నమ్మక క్రొత్త ధర అడుగవలెను.

వందకు ఇన్ని క్లెయిములు తీర్చితిమని కంపెనీలు ప్రకటించు అంకెను జాగ్రత్తగా చదువవలెను. లక్ష అడిగినవానికి అరువదివేలిచ్చినను అది తీర్చిన క్లెయిముగానే లెక్కకు రావచ్చును. ఎన్ని తీర్చిరన్నదానితో పాటు అడిగినదానిలో ఎంత ఇచ్చిరన్నది విచారింపవలెను. పాలసీ చేతికి వచ్చిన పిదప దానిని చదువుటకు 30 దినముల వ్యవధి ఉన్నది. చెప్పినదానికి వ్రాసినదానికి పొత్తు లేకున్నచో ఆ గడువులో త్రిప్పి పంపి, స్వల్ప కోతలు పోను సొమ్ము తిరిగి పొందవచ్చును. ఆ ముప్పది దినములలో పాలసీ పెట్టెలో పడియుండరాదు, బల్లమీద ఉండవలెను.

కళాశాల పాలక సంఘమువారికి ఒక మనవి. ఏటా ఒక ఆదివారము, విద్యార్థులు తమ ఇండ్లనుండి పాలసీలను, ఆరోగ్యశ్రీ కార్డులను తెచ్చుకొని, తెలుగు, ఉర్దూ భాషలలో చదివి అర్థము చేసికొను తరగతి ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము. వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు అది పాఠము, మిగిలినవారికి గృహధర్మము. దానికి నల్లబల్ల, సుద్దముక్క, రెండు గంటల కాలము చాలును. ఆ తరగతినుండి ఒక్క విద్యార్థిని ఇంటికి పోయి, తన తండ్రి పాలసీలో గది అద్దె పరిమితి ఎంతయో గుర్తించి చెప్పగలిగినను, ఆ ఇంటికి ఆపదనాడు వేల రూపాయలు మిగులును.